మా దొడ్డికి పన్నెండే

పొదలకూరు పక్కన మా ఇంటికి ఏ చుట్టం వచ్చినా కాళ్లు కడుక్కుని నేరుగా దొడ్డి దగ్గరికి పోతారు. జీవాలను లెక్కపెడతారు. పన్నెండు ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు, ఆ ఏటి పిల్లలు. లెక్క తేలగానే అందరి నోటా ఒకటే మాట: "ఇంత జాగా పెట్టుకుని పన్నెండేనా? యాభై చెయ్యొచ్చు కదమ్మా!"

మా ఆడబిడ్డ కొడుకైతే మరీను. వాడికి బెంగళూరులో ఉద్యోగం. రాత్రి పది దాటాక నా ఫోన్‌కి వీడియోలు పంపుతాడు. మనిషెత్తున ప్లాస్టిక్ పలకల షెడ్డు, పలకల సందుల్లోంచి కిందికి రాలే పెంట, పక్కన ఏపుగా నేపియర్ గడ్డి, టోపీ పెట్టుకున్న రైతు, ఏడాదికి ఇన్ని లక్షలు. "నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద సగం సబ్సిడీ వస్తాది అత్తా. నేనే ఆన్‌లైన్‌లో పెడతా" అంటాడు. ఆ పథకాన్ని నేనేమీ కాదనను. కానీ అందులో అన్నిటికంటే చిన్న యూనిట్టే వంద ఆడ జీవాలు, ఐదు పొట్టేళ్లు. మాకున్నది రెండెకరాల నిమ్మ తోట, ఇంటి చుట్టూ ముప్పావు ఎకరం దొడ్డి, గట్ల మీద చెట్లు. వంద జీవాలు దిగితే మొదటి వారం గడ్డి, రెండో వారం నిమ్మ చెట్లు, మూడో వారం మా ఆయన్ను మేస్తాయి.

పన్నెండు అనే అంకె జాతకం చూసి పెట్టింది కాదు. అది మే నెల లెక్క.

గొర్రెల పెంపకం గురించి చెప్పేవాళ్లంతా తొలకరితో మొదలుపెడతారు. జూన్‌లో వాన, జూలైలో పచ్చిక, మంద పెంచుకో అంటారు. నెల్లూరోళ్లకు ఆ మాట చెల్లదు. నైరుతి మా దాకా వచ్చేసరికి దాని చేతిలో పెద్దగా ఏమీ మిగలదు. మా అసలు వాన ఈశాన్యం, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. కార్తీకంలో వచ్చి చూసేవాళ్లకు గట్లు, చెరువు కట్టలు, తోటల సందులు అన్నీ పచ్చగా కనపడతాయి. అప్పుడు యాభై కాదు, వంద గొర్రెలైనా బతికేస్తాయి అనిపిస్తుంది. సంక్రాంతి దాటాక ఆ గడ్డి ముదురుతుంది. మార్చి, ఏప్రిల్‌లో వరి కోతలు అయిపోయి మడి మోళ్లు దొరుకుతాయి. ఆ తర్వాత మే నుంచి సెప్టెంబర్ దాకా బయట మేత అనేది పేరుకే. కాలవల కింద ఎడగారు (ఎండాకాలపు రెండో పంట) పెట్టినచోట పచ్చగా ఉంటుంది గానీ అది ఎవరిదో వరి. మన గొర్రె మూతి పెడితే సాయంత్రానికి పంచాయితీ.

కోతలయ్యాక ఉదయగిరి మెట్ట నుంచి పెద్ద మందలు ఇటు దిగుతాయి. రైతులు డబ్బులిచ్చి మరీ రాత్రిళ్లు పొలంలో మంద పెట్టించుకుంటారు, పెంట కోసం. అట్లా వచ్చే మందల వెంట ఒక పెద్దాయన ఉంటాడు. మా బోరు దగ్గర నీళ్లకు ఆగుతాడు. నేను గొర్రెలు మొదలుపెట్టిన కొత్తలో ఎన్ని పెట్టుకోమంటావని అడిగా. ఆయన గొర్రెల వంక చూడలేదు, గట్టు మీది చెట్ల వంక చూశాడు. "మే నెలలో ఎన్నింటికి మేత ఉండాదో, అయ్యే నీ గొర్రెలు పాపా. కార్తీకంలో అందరికీ మందలుంటాయి" అన్నాడు. మందలు తోలుకుంటూ తిరిగేవాళ్లకు మేత అయిపోతే ఊరు మారే వీలుంది. ఇంటి దగ్గర పెంచుకునే నాకు ఆ వీలు లేదు. నా గొర్రెలు మా గేటు దాటి దూరం పోవు. కాబట్టి కరువు నెలలకు సరిపడా మేత ముందే దొడ్లో ఉండాలి.

పెద్ద గొర్రె ఒకటి రోజుకు మూడు, నాలుగు కిలోల పచ్చిమేత తింటుంది. పిల్లలు, పొట్టేలు కలుపుకుంటే పన్నెండింటి మందకు రోజుకు అరవై కిలోల పైమాటే. ఎండాకాలంలో అంత పచ్చి ఎక్కడిది? సగానికి సగం ఎండుమేతే. ఏప్రిల్‌లో శనక్కాయ పీకుళ్లు అయ్యాక కట్టె, అంటే కాయలు కోసేసిన ఎండు మొక్కలు, కొని వామి వేస్తాం. వరిగడ్డి కంటే దీనికి గొర్రెలు ప్రాణం పెడతాయి. ఆకు రాలకుండా ఆరబెట్టాలి, ఆకులోనే బలమంతా. మా పుట్టిల్లు ఒంగోలు పక్క నల్లరేగడి. మా అన్న శనగ పొట్టు మూటలు కట్టించి ఊరికి వచ్చే వ్యాన్‌లో వేస్తాడు. పసుపు కుంకుమ కింద చీర పెట్టేవాళ్లు పెట్టనీ, నాకు మాత్రం పొట్టు పెట్టు అన్నయ్యా అని చెప్పుకున్నా. వదిన ఇప్పటికీ నవ్వుతుంది.

పచ్చిది చెట్ల నుంచి వస్తుంది. గట్ల మీద సుబాబుల్, అవిశ వేశాం. బావి గట్టున నల్లతుమ్మలు ముందు నుంచీ ఉన్నాయి. ఎండల్లో తుమ్మకాయలు రాలుతుంటే గొర్రెలు పరుగులే. సుబాబుల్ అయితే మా అన్నలాంటి ప్రకాశం రైతులకు పేపరు మిల్లుల పంట, నాకు మేత. కానీ అది ఎక్కువ పెట్టకూడదు. ఆ ఆకులో మైమోసిన్ అనే పదార్థం ఉంది. అదేపనిగా మేపితే గొర్రెకు వెంట్రుకలు ఊడిపోతాయి. మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వను, మిగతాది అవిశ, గడ్డి, కట్టె కలిపి వేస్తా. జొన్న చల్లినా లేత పైరు మేపను. నీళ్లు లేక గిడసబారిన చిన్న జొన్నకు నాము విషం ఉంటుంది, గంటల్లో పడిపోతాయి. పూత దాకా ఆగి కోస్తే భయం లేదు.

ఇదంతా కలిపి చూసుకుంటే మా గట్లు, మా వామి, మా అన్న పొట్టు మే నుంచి సెప్టెంబర్ దాకా మోయగలిగింది పన్నెండు తల్లుల్ని. పదమూడోదానికి దాణా కొనాలి. కొన్న దాణాతో గొర్రెను పెంచి మిగుల్చుకోవడం ఎట్లాగో ఆ టోపీ రైతునే అడగాలి.

ఇక జీవాల సంగతి. మావి నెల్లూరు గొర్రెలే. జుడిపి ఎక్కువ, దొర రెండు. జుడిపి అంటే తెల్లటి ఒంటి మీద మూతి చుట్టూ, కళ్ల చుట్టూ, పొట్ట కింద, కాళ్ల మీద నల్ల మచ్చలు. దొర ఒళ్లంతా ఎరుపు కలిసిన గోధుమరంగు. తెల్లటి పల్ల కూడా ఉంది గానీ మా దగ్గర లేదు. మన దేశంలో గొర్రె జాతులన్నిటిలో ఎత్తైనది ఇదే. ఒంటి మీద ఉన్ని ఉండదు, మేకలాగా పొట్టి వెంట్రుకలు. పొడుగు మొహం, వేలాడే చెవులు, చాలావాటికి గొంతు కింద రెండు లోలకులు. పొట్టేలుకే కొమ్ములు, ఆడవాటికి ఉండవు. బ్రెజిల్ వాళ్లు 'నెలోర్' అని పిలుచుకునే కోట్ల పశువులు నిజానికి మన ఒంగోలు జాతి సంతానం. ఆవులేమో ఒంగోలువి, పేరేమో మాది. మా పేరుకు న్యాయం చేస్తున్నవి ఈ గొర్రెలే అని నా అభిమానం.

ఈ జాతిలో కవలలు అరుదు. ఒక ఈతకు ఒక పిల్ల. అందుకే పుట్టిన ప్రతి పిల్లా దక్కాలి. పెద్ద మందలో పిల్ల పోతే లెక్కలో ఒక అంకె తగ్గుతుంది, నా దగ్గర పోతే ఆ ఏటి లాభంలో పెద్ద ముక్కే పోతుంది. ఈత రోజుల్లో నేను దొడ్డి దాటి పోను. పిల్ల పడగానే ముక్కులో, నోట్లో జిగురు తుడవాలి. తల్లి నాకుతుంటే అడ్డం పోకూడదు. బొడ్డు కొత్త బ్లేడుతో కోసి టింక్చర్ అయోడిన్ అద్దాలి. గంటలోపు జున్నుపాలు కడుపులో పడాలి. అంతకంటే ముందు చన్నుల చివర ఉండే మైనంలాంటి బిరడా తీసి రెండు ధారలు నేల మీద పిండాలి. అది తియ్యకపోతే పిల్ల ఎంత చీకినా పాలు రావు. తొలిచూలు తల్లి ఒక్కోసారి పిల్లను పొడిచి తోసేస్తుంది. అప్పుడు పిల్ల వీపు మీద కాస్త ఉప్పు నీళ్లు చల్లుతాను. ఉప్పు రుచికి నాకడం మొదలుపెడుతుంది, నాకితే వాసన పట్టేస్తుంది, ఇక వదలదు.

రోగాల గురించి అందరూ పెద్ద పెద్ద పేర్లు చెబుతారు. పీపీఆర్ (పారుడు రోగం) టీకా ఒకసారి వేయిస్తే మూడేళ్లు నిశ్చింత. చిటుక రోగం టీకా మాత్రం ఏటా వేయించాలి, వానలకు ముందే. వాన పడి లేత గడ్డి మొలిచినప్పుడు ఆబగా మేసిన బలమైన పిల్లలే ఆ రోగంతో పోతాయి, బక్కవి కాదు. సాయంత్రం గంతులేసిన పిల్ల తెల్లారేసరికి కాళ్లు చాపేసి ఉంటుంది. నీలి నాలుక కూడా ఈశాన్య వానల తర్వాతే, సన్న దోమల వల్ల. మూతి వాస్తుంది, ముక్కు కారుతుంది, గిట్టల దగ్గర వాచి కుంటుతుంది. సాయంత్రం దొడ్లో వేపాకు పొగ వేస్తాం. పొగ చుట్టూ మూగే గొర్రెలను చూస్తే దోమలు వాటినెంత పీడిస్తాయో తెలుస్తుంది.

కానీ నా అనుభవంలో ఇంటి మందను రోజూ తినేసేవి కడుపులోని పురుగులు, నట్టలే. అదే దొడ్డి, అదే గట్టు, అవే గొర్రెలు తిరిగి తిరిగి మేస్తాయి కాబట్టి పురుగు గుడ్లు అక్కడే పొదుగుతాయి. అందరూ ఏడాదికి ఇన్నిసార్లని మందంతటికీ మందు తాపుతారు. నేను కంటి రెప్ప చూస్తాను. ఇది పశువుల డాక్టరమ్మ నేర్పింది. గొర్రె తలను మోకాళ్ల మధ్య పట్టి, ఒక వేలితో పైరెప్పను మెల్లగా నొక్కుతూ ఇంకో వేలితో కింది రెప్పను లాగితే లోపలి పొర బయటికి వస్తుంది. అది మందార రంగులో ఉంటే ఏమీ అక్కర్లేదు. లేత గులాబీ అయితే కనిపెట్టి ఉండాలి. తెల్లగా కాగితంలా ఉంటే నట్టలు రక్తం తాగేస్తున్నట్టే, ఆ పూటే మందు. దవడ కింద నీరు దిగి మెత్తగా వేలాడితే ఇంకా ఆలస్యమైందని అర్థం. అట్లా చూసి అవసరమైనవాటికే తాపితే మందు పనిచేయడం మానదు. అందరికీ ఊరికే పోస్తూ పోతే కొన్నాళ్లకు పురుగులు ఆ మందుకు లొంగవు. తాపేటప్పుడు తల మరీ పైకెత్తకూడదు, మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొట్టేలును వదిలాక మొదటి నెల ఆల్బెండజోల్ అనే నట్టల మందు జోలికి పోను, కడుపులో పిండానికి చెడు.

పన్నెండింటికి రెప్పలు చూడ్డానికి పొద్దున కాఫీ తాగినంత సేపు చాలు. వందకు ఎవరు చూస్తారు?

చెరువు అంచున తడి గడ్డి మేపను. అక్కడ నత్తలుంటాయి, వాటి నుంచే కార్జపు జలగ వస్తుంది. నిమ్మ తోటలోకి వదలాలంటే మందు కొట్టి ఎన్నాళ్లయిందో మా ఆయన్ను అడిగి వదులుతా. కలుపు తింటాయి, పెంట వేస్తాయి, కానీ లేత చిగుళ్లు కూడా లాగేస్తాయి కాబట్టి కాపలా తప్పదు. పెంట కోసమే ఆయన ఈ గొర్రెలను ఓర్చుకుంటున్నాడు. తోటకు వేయగా మిగిలింది పక్క నిమ్మ రైతులు కొనుక్కుపోతారు.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది పెళ్లి భోజనం. ఊళ్లో ఏ శుభకార్యమైనా మిగిలిన అన్నం బేసిన్లలో తెచ్చి "పాపం గొర్రెలకు పెట్టమ్మా" అంటారు. ప్రేమతోనే తెస్తారు. అలవాటు లేని గొర్రె ఒక్కసారిగా అంత అన్నం తింటే కడుపులో పులిసి, పొట్ట రాయిలా అయి, పారి, రెండో రోజుకు లేవదు. ఒడ్ల రాశి మీద పడ్డా ఇంతే. వంట సోడా నీళ్లలో కలిపి తాపి డాక్టరుకు ఫోన్ చెయ్యడమే. 1962కు కొడితే పశువుల అంబులెన్స్ వస్తుంది. అందుకే గేటుకు లోపలి నుంచి గొళ్లెం పెట్టించా. ఇప్పుడు అన్నం తెచ్చినవాళ్లకు కుళాయి దగ్గరున్న కోళ్లను చూపిస్తా.

అమ్మకం దగ్గరికి వస్తే, మా మందకు బక్రీదే పెద్ద పండుగ. కనుమకు మాంసం గిరాకీ ఉంటుంది గానీ బేరగాళ్లు అన్నిటినీ ఒకే గాటన కట్టి అడుగుతారు. బక్రీద్‌కి కొనేవాళ్లు జీవాన్ని చూసి కొంటారు. ఏడాది నిండాలి, కొమ్ము విరగకూడదు, చెవి తెగకూడదు, కుంటకూడదు. ఆ లెక్కన నేను మగ పిల్లల చెవులకు గుర్తుకోత కూడా పెట్టను, మెడకు రంగు తాడు కడతా. నెల్లూరు నుంచి ఏటా వచ్చే ఒక భాయ్ ఉన్నాడు. ముందు జీవం నోరు తెరిచి రెండు పెద్ద పళ్లు వచ్చాయా చూస్తాడు, వయసు తెలిసేది వాటితోనే. తర్వాత వీపు చివర, నడుము ఎముక మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నొక్కుతాడు. ఎముక అంచు వేళ్లకు గుచ్చుకుంటే బేరం దిగుతుంది, కండలో మునిగితే ఆయన మొహం మీద ఏమీ కనపడనీయడు గానీ అదే చెయ్యి ఇంకోసారి పెడతాడు. ఆ రెండోసారి కోసమే నేను చూస్తుంటా. అప్పుడు ఒక్క రూపాయి కూడా తగ్గను. "నువ్వు మా అమ్మకంటే గట్టిదానివి అక్కా" అంటాడు. డబ్బు ఇచ్చేటప్పుడు ఎప్పుడూ అనడు, బేరమప్పుడే.

బక్రీద్ 2023లో జూన్ 29న, 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న వచ్చింది. మేత అయిపోయే రోజుల్లోనే పొట్టేళ్లు పోయి దొడ్డి ఖాళీ అవడం, ఇంతకంటే ఏం కావాలి? కానీ ఆ పండుగ ఏటికేడాది పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఇప్పటికే మేలోకి వచ్చేసింది, ఇంకొన్నేళ్లకు ఏప్రిల్‌లోకి పోతుంది. మేత వైపు నుంచి చూస్తే నాకు ఇంకా లాభం, ఎండలు ముదరకముందే జీవాలు పోతాయి. వయసు వైపు నుంచి చూస్తే చిక్కు. నేను పొట్టేలును ఆగస్టు రెండో పక్షంలో వదులుతా. గొర్రె మోసేది ఐదు నెలలు కాబట్టి ఈతలు సంక్రాంతి దాటాక పడతాయి, తుపాన్ల కాలం గడిచిపోయి ఉంటుంది. ఆ పిల్లలు మరుసటి ఏడు జూన్‌కల్లా పదహారు, పదిహేడు నెలలవి, రెండు పళ్లతో సిద్ధం. ఏప్రిల్ అయితే పదిహేను నెలలు కూడా నిండవు. ఏడాది దాటింది కదా అని నేను చెప్పినా, ఆ పళ్లు రాకపోతే భాయ్ నమ్మడు.

పొట్టేలును జూన్ చివరలోనే వదులుదామని నా ఆలోచన. మా ఆయన వద్దంటున్నాడు. అట్లా చేస్తే ఈతలు నవంబర్ చివర, డిసెంబర్‌లో పడతాయి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేముందు మా వైపు కురిసిన వాన మేమిద్దరమూ చూశాం. దొడ్డి తడికల్లోంచి జల్లు కొడుతుంటే మూడు రోజుల వయసు పిల్ల ఒకటి వణుకుతూ ముడుచుకుంది, దాన్ని వంటింట్లో పొయ్యి పక్కన గోనెసంచిలో పెట్టి బతికించాం. "ఒకటి కాబట్టి వంటింట్లో పట్టింది. అన్నీ అప్పుడే ఈనితే ఎక్కడ పెడతావ్?" అంటాడు. పడమటి వైపు తడిక తీసేసి గోడ కట్టిద్దాం, పైన రేకులు వేయిద్దాం అని నేనంటున్నా. ఆ ఖర్చు ఎన్ని పొట్టేళ్లకు సమానమో ఆయన లెక్క వేస్తున్నాడు. ఆషాఢం లోపల తేల్చుకోవాలి. పొట్టేలు మాత్రం నల్లతుమ్మ కింద కట్టేసే ఉంది, ఇద్దరి మీదా కోపంగా.